మిడతల వెంట బొద్దుపెట్ట

ఏ ఊళ్ళోనో గాని, ఒక పెరట్లో తవుడు మెక్కి మెక్కి ఒక కోడిపెట్ట బొద్దుగా తయారైంది. గోడెక్కలేకపోతే అడవిపిల్లి నోట్లో పడతానని దానికి దిగులు పట్టుకుంది. రోజూ పొద్దున్నే గోడకెదురుగా నిలబడి రెక్కలు టపటపా కొట్టేది. కాసేపటికే విసుగొచ్చి కూలబడేది. ప్రాణం కాపాడుకునే పనికే ఇంత బద్ధకమేమిటో దానికి ఎంతకీ అర్థమయ్యేది కాదు.

పక్క దొడ్లో గోరింక అది చూసి, "ఏంటక్కా, గోడకి దణ్ణాలా? ఇటు రా, గడ్డి నిండా మిడతలే!" అంది.

"నాకు కసరత్తుందే," అంటూనే వెళ్ళింది పెట్ట. రెండూ మిడతల వెంటపడి ఎగిరాయి, దొర్లాయి, నవ్వుకున్నాయి. ఇక రోజూ అదే ఆట. కసరత్తు మానేశానే అని పెట్టకి లోలోపల గుబులే.

ఒక ఉదయం అడవిపిల్లి కంచె దూరి రానే వచ్చింది. పెట్ట కెవ్వుమని ఎగిరింది. తీరా చూసుకుంటే గోడ మీదుంది!

పిల్లి పోయాక, "ఒసే, కసరత్తు మానేసి చాన్నాళ్ళయిందే, ఎలా ఎక్కానంటావ్?" అంది తెల్లబోయి.

గోరింక పడీపడీ నవ్వింది. "నాకేం తెలుసక్కా? నువ్వెంత ఎగిరావో ఆ మిడతల్నడుగు."