వరండా దీపానికి నికెల్ పూత

మోరీన్ నోటీసును బల్ల మీద దబ్బున పెట్టింది. కాఫీ కప్పులు కదిలాయి.

“పది రోజుల్లో నా వరండా దీపం పీకెయ్యాలా? ఎందుకట?”

కాలనీ సంఘం అధ్యక్షురాలు లినెట్ కళ్ళజోడు సవరించుకుంది. “కారణం అందులోనే రాసుంది కదండీ. ఇంటి ముందు దీపాలన్నీ ముదురు కంచు రంగులో ఉండాలి. మీది నికెల్ పూత. తళతళా మెరుస్తోంది.”

“తళతళా మెరిసేది క్రోమ్. నాది మెరుపు తగ్గేలా సన్నగా గీరిన నికెల్, వెన్నెల రంగు. ఆ తేడా తెలియనివాళ్ళు నోటీసులు పంపకూడదు.”

అమెరికాలో ఒమాహా నగర శివారులోని ఆ కాలనీలో, ఈతకొలను పక్క హాల్లో, మడత కుర్చీల్లో పాతికమంది కూర్చుని ఉన్నారు. నెలకోసారి జరిగే ఈ సమావేశంలో కుక్కల గురించీ చెత్త డబ్బాల గురించీ తప్ప ఎవరూ మాట్లాడరు. ఈ సాయంత్రం మాత్రం నిమ్మకాయ కేకు ముక్కలు ఎవరి చేతిలోవి వాళ్ళ చేతిలోనే ఉండిపోయాయి.

మోరీన్ పక్కన ఆమె భర్త డెల్బర్ట్ టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. “పోనిద్దూ మోరీన్. కంచు రంగుదే పెట్టుకుందాం. అదీ బాగానే ఉంటుంది.”

“నువ్వూరుకో డెల్. బాగానే ఉంటుందట. తలుపు పిడి నికెల్. ఇంటి నంబరు పలక నికెల్. ఉత్తరాల పెట్టె మూత నికెల్. గోడేమో బూడిద రంగు. వాటి మధ్య కంచు దీపం పెడితే, పెళ్ళి గౌను వేసుకుని కాళ్ళకి రబ్బరు బూట్లు తొడుక్కున్నట్టుంటుంది.”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మోరీన్‌కు నవ్వు రాలేదు. ఆ దీపాన్ని ఎంచుకోవడానికి ఆమెకు మూడు నెలలు పట్టింది. ఏడు పూతల నమూనాలు తెచ్చి గుమ్మం పక్కన గోడకు అంటించి, ఎండలో చూసింది, మబ్బులో చూసింది, మంచు పడిన రోజున చూసింది. నల్ల పూత, గోడకు పడ్డ కన్నంలా ఉంది. ఇత్తడి పూత, ఎర్ర ఇటుక ఇంటికైతే నప్పేదే గాని, ఈ గోడ మీద అరువు నగలా ఉంది. ఆఖరికి నికెల్ దగ్గర ఆమె మనసు కుదుటపడింది. ఇప్పుడు దాన్ని పీకి పారెయ్యమంటున్నారు.

“షారన్ గుమ్మంలో ఇత్తడి లాంతరు వేలాడుతోంది. ఆవిడకు నోటీసు వెళ్ళలేదే?”

“ఆవిడ మీద ఫిర్యాదు రాలేదు. ఎవరైనా ఫిర్యాదు చేస్తేనే నోటీసు. అది మన పద్ధతి,” అంది లినెట్.

“నా మీద చేసిందెవరు?”

“పేరు చెప్పకూడదు. అదీ మన పద్ధతే.”

మోరీన్ గిర్రున వెనక్కి తిరిగింది. ఎదురింటి ముసలాయన మూడో వరసలో కూర్చున్నాడు.

“రూబెన్, మా వరండా సరిగ్గా మీ కిటికీకి ఎదురు. మీరేనా?”

“నేనెందుకు చేస్తానమ్మా? రెండు కళ్ళకీ శుక్లాలు. మీ దీపం ఏ రంగో నాకు ఇప్పుడే తెలిసింది.”

“అయితే షారన్, నువ్వేనన్నమాట. నీ ఎర్ర తలుపు నాకు నచ్చలేదన్నానని కక్ష పెట్టుకున్నావు.”

“నచ్చలేదన్నావా? నాతో ఎంతో బాగుందన్నావే,” అంది షారన్ రెండో వరసలోంచి.

మోరీన్ ముఖం కందగడ్డయింది. డెల్బర్ట్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. “ఇంటికి పోదాం పద. ఇరుగుపొరుగుతో తగువెందుకు? రేపు పొద్దున నేనే మార్చేస్తాను.”

“నువ్వు దాని మీద చెయ్యి వేశావంటే చూడు. ముఖం చూపించడానికి దమ్ములేని పిరికివాడెవడో అన్నాడని నా గుమ్మం మార్చుకోను.” చెయ్యి విదిలించుకుని లినెట్ వైపు తిరిగింది. “పేరు నాకక్కర్లేదు. ఏం రాశాడో చూసే హక్కు నాకుంది. నిబంధనల పుస్తకం, పద్నాలుగో పేజీ. తీయండి.”

లినెట్ ఫైలు తెరిచింది. కాగితం పైనుంచి కిందిదాకా చదివి, మళ్ళీ ఫైలు మూసింది.

“నా మాట వినండి. ఇది ఇంటికి తీసుకెళ్ళి, నింపాదిగా చదువుకోండి.”

“ఇంటికెందుకు? ఇక్కడే చదువుతాను, అందరి ముందూ. రాసినవాడు ఈ గదిలో ఉంటే సిగ్గుతో చావాలి.”

మోరీన్ చెయ్యి చాచి ఫైల్లోంచి కాగితం లాక్కుంది. పేరున్నచోట నల్ల సిరా దట్టంగా పూసి ఉంది. దాని కింద టైపు చేసిన నాలుగు వాక్యాలున్నాయి. ఆఖరి వరసకు కూడా వినిపించేలా గొంతు పెంచింది.

“‘ఆ దీపాన్ని చూస్తే పళ్ళ డాక్టరు చేతిలో పనిముట్లు గుర్తొస్తున్నాయి.’ విన్నారా పొగరు? ‘ఆ మెట్లు ఎక్కుతున్నప్పుడల్లా పన్ను పీకించుకోవడానికి పోతున్నట్టుంది.’ అసలు వీణ్ణి మా మెట్లు ఎక్కమన్నదెవరు? ‘నిబంధన ఎలాగూ ఉంది కాబట్టి వెంటనే తీయించండి.’ తీయిస్తాడట, పెద్ద మొనగాడు. ‘ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా మా ఆవిడతో ఇలాంటి మాట అనే ధైర్యం నాకు లేదు, దయచేసి నోటీసు మీరే పంపండి.’”