అవ్వ ముక్కు

రేణిగుంటలో విమానం మెట్ల దగ్గర తిరుమలమ్మవ్వ ఆగిపోయింది. వెనకాల యాభై మంది ప్రయాణికులు. ఆలస్యమైతే చీవాట్లు తినేది మెట్ల దగ్గర డ్యూటీ చేసే నేనే.

“కిరసనాయిలు వాసన వస్తా ఉండాది నాయనా. నేనెక్కను.”

“ఇది విమానం అవ్వా, మీ ఇంట్లో స్టవ్వు కాదు. నడువు!”

“నీ ముక్కు యాడ పెట్టి వచ్చినావప్పా?”

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఎవరు వాసనన్నా రెక్కలు చూడాల్సిందేనని దిక్కుమాలిన రూలొకటి. అవ్వ పరువు తీద్దామనే ఇంజనీరును పిలిచాను.

ఆయన రెక్క అడుగున తుడిచి, తడి తేలేలా తెల్లటి పౌడరు అద్ది, గడియారం చూస్తూ నిలబడ్డాడు. పౌడరు మీద తడి మరక అరచేయంత పాకింది.

“రెక్కలో ఉండే ఇంధనం కారతా ఉండాది. విమానం కదిలేదానికి లేదు. ఇదీ కిరసనాయిలు జాతిదే. ఈయమ్మ ముక్కుకు దండం పెట్టాల” అన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. నేను సిగ్గుతో అవ్వ సంచీ మోసుకుంటూ వెనక్కి నడిచాను.

దారిలో అవ్వ నా చెవి దగ్గరికి వంగింది.

“ఎవురికీ చెప్పొద్దు నాయనా. మొదటిసారి కదా, ఎక్కాలంటే బయమేసి నోటికొచ్చింది అనేసినాను. జలుబు చేసి పది దినాలయింది, నాకు ఏ వాసనా తెలీదు.”