గీతలున్న గోడలు

బ్యాంకు తరఫున వచ్చిన ఆర్కిటెక్ట్ సింధూర, దిల్‌సుఖ్‌నగర్‌లో కోదండం చీరల దుకాణం గోడ మీద ఎర్ర రంగుతో అడ్డగీతలు గీస్తోంది.

"మా ఆరు దుకాణాల ఎనక జాగల బ్యాంకు కడ్తున్నరు, మంచిదే. మరి కార్లు ఏడ నిలుపుతరమ్మా?" అడిగాడు కోదండం.

సింధూర చెయ్యి ఆగింది. "ఇక్కడేనండీ. ఊరవతలైనా, నడిబజారైనా మా బ్రాంచీలన్నీ ఒకే నమూనా. ముందు పార్కింగ్ ఉండాల్సిందే. గీతలున్నవన్నీ కూల్చేస్తారు. ప్లాన్ చూసే సంతకం పెట్టారు కదా?"

"చూసిన. దుకాణాల మీద గీతలున్నయనే పెట్టిన." కోదండం గుమ్మంలో వేలాడుతున్న ఇక్కత్ చీర చూపించాడు. "మా పోచంపల్లిల డిజైన్ కాయితం మీద గుర్తున్న కాడ నూలుకు గట్టిగ ముడి కడ్తం. ఎన్నిసార్లు ముంచినా గా జాగకు రంగంటదు. గీతలుంటే కాపాడుతరనుకున్న."

"మిగతా ఐదుగురూ అలాగే అనుకున్నారా?"

"వాళ్లకు చెప్పింది నేనే."

పక్క దుకాణంలోంచి నరేష్‌కుమార్ నవ్వుతూ బయటికొచ్చాడు.

"మేడమ్, నా గోడకు జర మందంగ గియ్యండ్రి. వానకు పోవద్దు!"