ముందు తీసే సీన్లు

షెడ్యూలు కాగితం చేతికి రాగానే డెన్జిల్ పాస్క్‌కి తను చచ్చిపోతున్నానని అర్థమైపోయింది.

అందులో అలా రాసేం లేదు. ఆఖరి వారంలో తీయాల్సిన ఏడు సీన్లు మొదటి వారానికి వచ్చాయి, అంతే. ఏడింటిలోనూ డెన్జిల్, కొత్తమ్మాయి నెరిస్ ఎదురెదురుగా కూర్చుంటారు. ఆయన రిటైరైన జడ్జి. ఆయన జైలుకి పంపితే అక్కడే పోయిన మనిషి కూతురు ఆమె. ఇద్దరికీ కలిపి సినిమాలో ఉన్నవి ఆ ఏడు సీన్లే.

లండన్ స్టూడియోల్లో యాభై ఎనిమిదేళ్లు నలిగిన మనిషికి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. షూటింగ్‌కి ముందు బీమా డాక్టరు ముఖ్యమైన నటులందరినీ పరీక్ష చేస్తాడు. ఎవరైనా చివరిదాకా ఉంటారని నమ్మకం లేకపోతే వాళ్ల కాగితం మీద సంతకం పెట్టడు. అప్పుడు నిర్మాతలు చేసేది ఒకటే. ఆ మనిషి ఉండగానే ఆ మనిషి సీన్లు చుట్టేస్తారు. డెన్జిల్ ఇద్దరు ముసలి నటుల విషయంలో అది కళ్లారా చూశాడు. అందులో ఒకాయన డబ్బింగ్‌కి కూడా మిగల్లేదు.

యూనిట్ మొత్తం ఆ కాగితాన్ని అలాగే చదివింది. మేకప్ చేసే డోరీన్ ఇరవై ఏళ్లుగా ఆయన్ని నోటికొచ్చినట్టు ఆటపట్టించేది. ఇప్పుడు గొంతు తగ్గించి మాట్లాడుతోంది. లైట్ల వాళ్లు పరుగున కుర్చీ తెచ్చి వేస్తున్నారు. టీ దగ్గర ఆయన్ని వరసలో నిలబడనివ్వడం లేదు. ఎనభై ఒకటో ఏట లోకమంతా ఇంత మర్యాదగా మారిపోతే ఇంకేం అనుకోవాలి?

నిర్మాత హెస్టర్ ముప్పై ఏళ్ల స్నేహితురాలు. వెళ్లి అడిగేయొచ్చు. ఆ ధైర్యమే లేకపోయింది. హేస్టింగ్స్‌లో ఉన్న అక్కకి ఉత్తరం మొదలుపెట్టి రెండుసార్లు చించేశాడు.

ఆ భయమంతా కోపమై నెరిస్ మీదికి మళ్లింది. ఊరికేనేం కాదు. పెద్ద నటుడి క్లోజప్ ముందు తీయడం అక్కడి మర్యాద. ఆయన అలసిపోకముందే అది అయిపోవాలి, కెమెరా చిన్నవాళ్ల వైపు తిరగడం ఆ తర్వాతే. ఈ సినిమాలో మొదటిరోజు నుంచీ నెరిస్ క్లోజపే ముందు. ఆ పిల్లకి ఇరవై నాలుగేళ్లు. ఇంతకుముందు చేసింది రెండు టీవీ సీరియళ్లు. అయినా సెట్టు గుమ్మం దాకా కారు రావాలి. భోజనం అందరితో తినదు, కారవాన్‌లో తలుపేసుకుంటుంది.

“మహారాణిగారు వేంచేశారా?” అని డెన్జిల్ నలుగురూ వినేట్టు అడిగేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. దాంతో ఆయనకి ఇంకా ఒళ్లు మండేది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. పిల్ల బాగా చేస్తోంది. బుధవారం ఒక సీన్లో ఆమెని చూస్తూ చూస్తూ తన డైలాగే మరిచిపోయాడు. తన ఆఖరి సినిమాలో జనం చూసేది ఈ పిల్లనే అని ఆ పూట దిగులు పట్టుకుంది.

శుక్రవారం ఏడో సీను. పొద్దున్నే నెరిస్ ఆయన కారవాన్ తలుపు తట్టింది. తన క్లోజప్‌కి కెమెరా పక్కన నిలబడమని అడిగింది. ఇదీ ఆ వృత్తిలో మర్యాదే. తన మొహం తెర మీద పడకపోయినా ఎదుటి నటుడు అక్కడ నిలబడి తన మాటలు అందిస్తాడు. కెమెరా ముందున్న వాళ్లకి చూడ్డానికి ఒక మనిషి ఉంటాడు. డెన్జిల్ ఇన్నేళ్లలో ఎవరికీ కాదనలేదు.

“స్క్రిప్టు అమ్మాయి చదివి పెడుతుందిలే,” అన్నాడు.

“ఈ ఒక్కసారికీ మీరుంటే బాగుంటుందండీ. మళ్లీ మనిద్దరికీ సీను లేదు.”

“మిగిలిందే కాస్త టైము. అది నీ మొహం కోసం ఎందుకు ఖర్చు పెట్టాలి?”

ఆమె మొహం పాలిపోయింది. “మీకు చెప్పేశారా?”

“ఎవరూ చెప్పక్కర్లేదు. కాగితం చదవడం నాకూ వచ్చు.”

నెరిస్ సరేనండి అని, తలుపు మెల్లగా వేసి వెళ్లిపోయింది.

కెమెరా పక్కన స్టాండుకి అంటించిన టేపు ముక్కని చూస్తూ ఆమె నటించింది. స్క్రిప్టు అమ్మాయి జడ్జి మాటల్ని కిరాణా చీటీ చదివినట్టు చదివింది. ఎనిమిది టేకులయ్యాక డైరెక్టరు ఇక చాల్లే అన్నాడు. బాగా వచ్చిందని మాత్రం అనలేదు.

మధ్యాహ్నం డెన్జిల్ వంతు. ఆమె రాదనే అనుకున్నాడు. వచ్చింది. కుర్చీ వద్దని కెమెరా పక్కన నిలబడింది. ఐదు టేకుల్లోనూ ఒక్క మాట మింగకుండా, కన్నీళ్లతో సహా ఆయనకి అందించింది. డెన్జిల్ తన జన్మలో అంత బాగా ఎప్పుడూ చేయలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన వెనక్కి తిరిగి చూసేసరికి నెరిస్ కారు వెళ్లిపోయింది.

ముసలాయనకి సిగ్గేసింది. చచ్చేముందు చేయాల్సిన పని ఇదా అని తన్ను తాను తిట్టుకున్నాడు. ఆ మేకప్‌తోనే హెస్టర్ గదికి నడిచాడు. సోమవారం ఆ పిల్ల క్లోజప్ మళ్లీ తీయించమని, ఈసారి తను పక్కన నిలబడతానని చెప్పాడు. కాళ్లు నొప్పెట్టినా ఇరవై టేకులైనా సరే అన్నాడు.

హెస్టర్ తల అడ్డంగా ఊపింది. “సోమవారం కుదరదు డెన్జిల్. ఆ తర్వాత కూడా కుదరదు.”

వారం రోజులుగా దాచుకున్న ప్రశ్న అప్పుడు బయటికొచ్చింది. “దాచకు హెస్టర్. నాకింకా ఎన్నాళ్లన్నాడు డాక్టరు?”

హెస్టర్ ఆయన్ని అర్థం కానట్టు చూసింది. “నువ్వు గుండ్రాయిలా ఉన్నావయ్యా, డాక్టరు సంతకం పెట్టనన్నది నెరిస్ కాగితం మీద.”