సలహాలు ఇవ్వబడవు

"ఈ ఒక్కసారికి మీరే చెప్పేయండి మేడమ్. సాయంత్రం సంతకం పెట్టనా, మాననా?" అన్నాడు లాండ్రీ యజమాని.

లైఫ్ కోచ్ తల అటూ ఊపలేదు, ఇటూ ఊపలేదు. ఆమె పద్ధతే అంత. ఎటూ తేల్చుకోలేని వాళ్లు వస్తారు. ఆమె ప్రశ్నలు అడుగుతుంది. దారి మాత్రం వాళ్లే వెతుక్కోవాలి. 'సలహాలు ఇవ్వబడవు అని బోర్డు పెట్టించు, పని తగ్గుతుంది' అని ఆమె భర్త ఎగతాళి చేస్తుంటాడు. ఇవాళ మాత్రం బల్లకింద ఆమె కాలు ఒకచోట నిలవడం లేదు.

"సంతకం పెట్టాక మీ రోజు ఎలా ఉంటుంది?" అని అడిగింది.

"ఎలా ఉంటుంది? ఇప్పుడు ఒక షాపులో ఆవిరి పీలుస్తున్నా, అప్పుడు రెండు షాపుల్లో పీలుస్తా. పదేళ్ల అగ్రిమెంటు. నాకు మొక్కల నర్సరీ పెట్టుకోవాలని ఉందని మీకు తెలుసు. ఇంట్లో కుండీలకు చోటు చాలక మా ఆవిడ నన్నే బయట పెట్టేలా ఉంది." నవ్వబోయి మానేశాడు. "కానీ తమ్ముడి సంగతేంటి? వాడికి ఆ షాపే లోకం. నేను వదిలేస్తానంటే కుమిలిపోతాడు."

"ఆ మాట తనే అన్నాడా?"

"అనాలా మేడమ్? పొద్దున్నే నాకంటే ముందొచ్చి బాయిలర్ వెలిగిస్తాడు. ఇష్టం లేనివాడు వెలిగిస్తాడా?"

కోచ్ పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టింది. పోయినవారం ఇదే కుర్చీలో ఆ తమ్ముడు కూర్చున్నాడు. అన్నకు తెలియకుండా వచ్చాడు. అన్న ఇక్కడికి వస్తున్నట్టు అతనికీ తెలియదు. ఓడలో ఎలక్ట్రీషియన్ ఉద్యోగం చేతిదాకా వచ్చిందట. 'అన్నయ్యకు షాపంటే ప్రాణం మేడమ్. నేను పోతానంటే మనిషి ఏమైపోతాడో' అన్నాడు. బాయిలర్ అంత పొద్దున్నే ఎందుకు వెలిగిస్తాడో కూడా చెప్పాడు. నిద్ర పట్టకట.

ఒక్క మాట చెబితే ఇద్దరూ బయటపడతారు. కానీ ఒకరు ఈ గదిలో చెప్పింది మరొకరికి చేరవేయడం ఆమె వృత్తిలో లేదు. అందుకే నిన్న తమ్ముడికి ఫోన్ చేసి, అతని అపాయింట్‌మెంట్‌ను ఇవాళ అన్న తర్వాతి గంటకు జరిపింది. టైము మార్చడం సలహా కింద రాదని తనకు తాను నచ్చజెప్పుకుంది. ఆ నచ్చజెప్పడం ఇంకా పూర్తికాలేదు.

బయటి గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. కోచ్ గబుక్కున లేచింది.

"ఇవాళ్టికి ఇక్కడితో ఆపుదాం."

"ఇంకా టైముంది కదా మేడమ్!"

"ఉంది. మీరే వాడుకోండి" అని తలుపు తీసింది.

ఎదురుగా తమ్ముడు, ఒళ్లో హెల్మెట్.

"నువ్వేంట్రా ఇక్కడ?"

"నువ్వేంటన్నయ్యా?"

కోచ్ అన్నను గడప దాటించి, లోపలే ఉండి తలుపు వేసేసింది. కిటికీ దగ్గరికి వెళ్లింది, బల్ల దగ్గరికి వచ్చింది. మంచినీళ్ల గ్లాసు ఎత్తి తాగకుండానే దించింది. తలుపు అవతల మొదట గుసగుసలు. తర్వాత ఎవరో ముక్కు చీదారు. ఆపైన ఇద్దరూ ఒకేసారి పకపకా నవ్వారు. ఆమె కుర్చీలో కూలబడి ఊపిరి పీల్చుకుంది.

తలుపు తోసుకుని ఇద్దరూ వచ్చారు. అన్న చెయ్యి తమ్ముడి భుజం మీద ఉంది.

"మాట్లాడేసుకున్నాం మేడమ్. ఇన్నాళ్లూ ఒకరికి తెలియకుండా ఒకరం వస్తున్నాం. విడ్డూరం కాకపోతే!"

"ఏం మాట్లాడుకున్నారు?" గొంతులోని తొందర ఆమెకే వినిపించింది.

"ఎందుకొచ్చావురా అంటే, రెండో షాపు పెడుతున్నాం కదా, ధైర్యం కోసం వచ్చానన్నాడు. నేనూ అందుకేరా అన్నాను." అన్న తమ్ముడి వీపు చరిచాడు. "సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే పోయి ఇద్దరం సంతకాలు పెట్టేస్తాం. నువ్వెళ్లి బండి తియ్యరా."

తమ్ముడు వెళ్లగానే అన్న గొంతు తగ్గించాడు.

"వాడి మొహం చూశారా? వెలిగిపోతోంది. నయం, నర్సరీ సంగతి నోరు జారలేదు. మీ దయవల్ల నా నిర్ణయం నేనే తీసుకున్నాను మేడమ్" అని హుషారుగా మెట్లు దిగాడు.

కోచ్ కుర్చీలోంచి లేచింది. తమ్ముడు రొప్పుకుంటూ వెనక్కి వచ్చాడు. బయట కుర్చీలో మరిచిపోయిన హెల్మెట్ అందుకుని, తలుపులోంచి లోపలికి తొంగిచూశాడు.

"అన్నయ్య మొహం చూశారా మేడమ్? చిన్నపిల్లాడైపోయాడు. అదృష్టం, ఓడ మాట ఎత్తలేదు నేను."

కింద హారన్ మోగింది.

"ఆగండి" అంది కోచ్. ఇన్నేళ్లలో ఈ గదిలో ఎవరికీ ఇవ్వని సలహా నోట్లోంచి వచ్చేసింది. "సంతకం పెట్టకండి!"

తమ్ముడు ఒక్క క్షణం ఆమెకేసి చూశాడు. తర్వాత వేలు ఆడిస్తూ పెద్దగా నవ్వాడు.

"పరీక్ష పెడుతున్నారు కదూ? మీరు సలహాలివ్వరని నాకు తెలీదా మేడమ్!"