ఎడమచేతి ముడి

ఆదివారం ఉదయం ఏడున్నరకి కూర్మన్నపాలెం వెనక గుంటలో అర్జునరావు గాలానికి బంగారుతీగ చేప పడింది. గట్టు మీదికి లాగి చూస్తే దాని మూతిలో అప్పటికే ఇంకో గాలం ఉంది.

అది 1997 నవంబరు. పోర్టులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు. జాలరిపేట పడవలు ఇసుక మీదే ఉన్నాయి. అందుకే అర్జునరావు, అతని వదిన ఈశ్వరి మొదటి బస్సెక్కి నడుం లోతు లేని ఈ గుంటకి వచ్చారు. చేపలు పడితే ఆమె జంక్షన్లో అమ్ముతుంది.

"సముద్రపోల్లకి నా గుంటే దొరికినాదా? సముద్రం ఎండిపోనాదేటి?" గుంట కౌలుదారు తవిటయ్య గట్టు మీంచి అన్నాడు.

అర్జునరావు చేప మూతిలోంచి ఆ రెండో గాలం ఊడదీసి తిప్పి చూశాడు. తుప్పు లేదు. జానెడు దారం మిగిలి ఉంది. ముడి చుట్లు ఎడమకి తిరిగి ఉన్నాయి.

"వదినా, ఇది సూడు."

ఈశ్వరి బుట్ట దించి గాలాన్ని అరచేతిలో పెట్టుకుంది. జాలరిపేటలో ఎడమచేత్తో గాలం కట్టేవాడు ఆమె మొగుడు వీరేంద్ర ఒక్కడే. వేటకెళ్ళిన పడవ తిరగబడితే మిగిలినవాళ్ళు ఒడ్డుకి చేరారు. అతను చేరలేదు. శవం దొరకలేదు. రేపటికి ఏడాది. కర్మ చేసి ఆమె పుస్తెలు తీయించాలని కులపెద్దలు అన్నారు. "శవాన్ని సూపించండి, నానే తీసేత్తాను" అని ఈశ్వరి వాళ్ళని తిప్పి పంపుతూ వచ్చింది.

"తాతా, నీ గుంటకి ఎడమసేతోడు ఎవుడైనా వత్తాడా?" అర్జునరావు అడిగాడు.

"రాకేం? ఆదివారమైతే సాలు, వత్తాడు. పోయిన వారం ఆడి దారం తెంపుకుపోయిన సేప ఇదే. సిత్రమైన మనిషిలే. బంగారుతీగకి పిండిముద్ద ఎట్రా బాబూ అంటే ఇనడు. రొయ్యే గుచ్చుతాడు. గుచ్చేముందు కళ్ళకద్దుకుంటాడు."

అర్జునరావు చేతిలోని గాలం కర్ర కింద పడేశాడు.

"అన్నే వదినా! రొయ్యని కళ్ళకద్దుకునేది ఆడే! బతికున్నాడు!"

ఈశ్వరి పుస్తెలతాడు పట్టుకుంది. తవిటయ్య వైపు తిరిగింది.

"ఒక్కడే వత్తాడా?"

"ఒక్కడెందుకమ్మా? పెళ్ళాం కూడా వత్తాది. బుడ్డోడు గట్టు మీద పరుగులెడతంటే అట్టుకోలేక సత్తాది. రెండేళ్ళోడు. ఇంకాసేపాగితే మీరే సూత్తారు. ఏం, సుట్టాలా?"

చేప గట్టు మీద తోక కొట్టింది.

"ఉందాం వదినా," అన్నాడు అర్జునరావు. "రానీ. పెద్దల ముందుకి లాక్కెల్దాం."

ఈశ్వరి ఆ గాలాన్ని తవిటయ్య చేతిలో పెట్టింది.

"ఆడొత్తే ఇచ్చీ తాతా."

చేపని బుట్టలో వేసి, బుట్ట నెత్తికెత్తుకుని గట్టు దిగింది. అర్జునరావు వెనకే పరిగెత్తాడు.

"ఎక్కడికి వదినా?"

"ఇంటికి. పెద్దోల్లకి కబురెట్టు. రేపు మీ అన్నకి కర్మ సేత్తన్నాం."