నాలుగో ట్రాకు

“రంపం గారూ, మీ మైకు ఇంకా బాగవలేదా?” అని తెర మీద నుంచి టీచరు అడిగింది.

వడ్రంగి మేస్త్రి ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటూ ‘లేదండీ’ అని టైపు చేశాడు. అది పచ్చి అబద్ధం. మైకు శుభ్రంగా పనిచేస్తోంది. పాతికేళ్ళ పిల్లల మధ్య యాభై ఎనిమిదేళ్ళ గొంతు విప్పితే ఇట్టే దొరికిపోతానని ఆయన భయం. అందుకే కెమెరా కూడా ఆపేసి, పేరు అడిగినచోట ‘రంపం’ అని రాసి, కంప్యూటర్లో సంగీతం కట్టడం నేర్పే ఈ ఆదివారం క్లాసులో చేరాడు. మొత్తం ఎనిమిది ఆదివారాలు.

మొదటిరోజు టీచరు ఎందుకు చేరారని ఒక్కొక్కరినీ అడిగింది. ఒకతను సినిమాలకి పాటలు కడతానన్నాడు. ఒకమ్మాయి తన వీడియోలకి సంగీతం కావాలంది. మేస్త్రి చాలాసేపు తడుముకుని, ‘ఒకప్పుడు మా ఇంట్లో ఇదంతా వినపడితే గోల అనుకునేవాణ్ణి. అందులో ఏముందో చూద్దామని’ అని రాశాడు. పిల్లలంతా నవ్వారు. టీచరు మాత్రం, నిజం చెప్పారు, మంచిదే అని పాఠంలోకి వెళ్ళిపోయింది.

అసలు ఆ క్లాసు సంగతి ఎక్కడో చూసి చెప్పింది ఆయన భార్యే. అయినా సణుగుడు మానలేదు. ఈ వయసులో చేతికి సుత్తి చాలదా, మౌసు కూడా కావాలా అనేది. అలా అంటూనే సరిగ్గా క్లాసు వేళకి కళ్ళజోడు తగిలించుకుని, గుడ్డ పట్టుకుని అదే గదిలోకి వచ్చేది. తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచేది. ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకోబోతే లాగేసి, స్పీకర్లో పెట్టమని గదమాయించేది.

పాఠం ఆయన అనుకున్నంత కొరకరాని కొయ్యేమీ కాదు. ముందు పాట వేగం ఎంతో పెట్టుకోవాలి. టిక్కు టిక్కుమనే తాళం వింటూ రికార్డు చేయాలి. ఒక్కో చప్పుడుకీ ఒక్కో వరస, దాన్నే ట్రాకు అంటారు. ముక్కలు కోసి, తెర మీది గీతలకి సరిగ్గా జరిపి, ఏది ఎంత పెద్దగా వినపడాలో చూసుకుని, చివరికి అన్నీ కలిపి ఒక్క ఫైలుగా బయటికి తీయాలి. కొలిచి, కోసి, అతికించడమే కదా అని మేస్త్రికి ధైర్యం వచ్చింది. పియానోలూ గిటార్లూ రాకపోతేనేం, తన షెడ్డులో చప్పుళ్ళకి కొదవ లేదు. సుత్తి దెబ్బలు మొదటి ట్రాకులో పెట్టాడు, చిత్రిక పట్టే చప్పుడు రెండోదాంట్లో, గరుకు కాగితం మూడోదాంట్లో.

ఆయన కోరిక ఒక్కటే. ఎనిమిదో ఆదివారం దాటేలోగా ఆ టీచరమ్మాయి నోట ‘బాగుంది’ అనిపించుకోవాలి. అంతకుమించి ఆయనకేమీ అక్కర్లేదు. ఆమేమో ఆ మాట ఊరికే పంచిపెట్టే రకం కాదు.

ఐదోవారం ఒక నిమిషం ముక్క పంపాడు. ప్రతి దెబ్బా గీత మీదే పడేలా, తలుపు చట్రం బిగించినట్టు బిగించి పంపాడు.

“కొలత సరిగ్గా ఉంది, రంపం గారూ. ఊపిరే లేదు,” అంది టీచరు. “అన్నీ గీత మీదే ఉండాలని పట్టుబట్టకండి. కాస్త అటూ ఇటూ పోనివ్వండి.”

మేస్త్రి ముఖం మాడిపోయింది. క్లాసయ్యాక భార్య దగ్గర చిందులు తొక్కాడు. ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది, ఆ ముక్క ఎవరో ఒకరు మీకెప్పుడో చెప్పాల్సింది అని ఆమె తాపీగా అంది.

మర్నాడు నాలుగో ట్రాకులో రంపం చప్పుడు పట్టాడు. కోత అయిపోయింది గానీ రికార్డు ఆపడం మరిచిపోయాడు.

“ఇంకెన్ని ఆదివారాలున్నాయి?” అంది భార్య.

“మూడు.”

“తర్వాత?”

“తర్వాతేముంది, మళ్ళీ మామూలే.”

“ఇంకో నాలుగు క్లాసులు చెప్పమని అడగండి పోనీ.”

“అడిగితే నా గొంతు వింటుందిగా.”

తీరా వేసి చూసుకుంటే రంపంతోపాటు ఈ మాటలూ వినపడ్డాయి. మేస్త్రి నాలుక కరుచుకుని, ట్రాకు పక్కనున్న మ్యూట్ బొత్తాం నొక్కాడు. పీడా వదిలిందనుకుని, ఐదో ట్రాకు తెరిచి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి గీతల జోలికి పోలేదు. చెయ్యి అలిసినచోట రంపం నెమ్మదించింది, ఊపందుకున్నచోట పరుగెత్తింది. విని చూసి, ఎందుకో దాన్నలాగే ఉంచేశాడు.

ఏడోవారం టీచరు, ఎవరెలా కట్టారో లోపలిదంతా చూస్తాను, ఫోల్డరు మొత్తం పంపించండి అంది. ఆయన మొత్తం పంపేశాడు.

ఎనిమిదో ఆదివారం అందరి పాటలూ వినిపించింది. మేస్త్రిది వినిపించలేదు. పిల్లలు ఒక్కొక్కరే సెలవు తీసుకుంటుంటే, రంపం గారు మాత్రం కాసేపు ఉండాలంది. అందరూ వెళ్ళిపోయారు. బల్ల తుడుస్తున్న భార్య చెయ్యి ఆగిపోయింది.

“నాలుగో ట్రాకు మ్యూట్ చేశారు,” అంది టీచరు. “మ్యూట్ చేస్తే మీకు వినపడదంతే. లోపల అలాగే ఉంటుంది.”

మేస్త్రి కీబోర్డు మీదికి వంగాడు. క్షమించండి, తీసేస్తాను అని రాయబోతే అక్షరాలు దొరకలేదు.

“తీసెయ్యకండి. ముందు మైకు ఆన్ చెయ్యండి. అది పాడవలేదని నాకు తెలుసు.”

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె వంగి తనే బొత్తాం నొక్కింది. మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

“ఎలా ఉందండీ పాట?”

“బాగుంది, నాన్నా.”